నూటముప్పై ఎనిమిది కట్టలు

పెద్దామె పోయింది. ఆ కబురు నాకు బడిలో అందింది. మూడో తరగతి పిల్లల చేత ఎనిమిదో ఎక్కం చెప్పించుకుంటున్నాను. పెద్దామె గుంపులో నాట్లు వేసే మనిషి ఒకామె తడి కాళ్లతో వచ్చి, లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. "పొద్దున పోయిందమ్మా. నిద్రలోనే. నీకు చెప్పమని ముందే చెప్పిపెట్టిండె" అంది. పిల్లలు ఎక్కం మధ్యలో ఆపి నా మొహంలోకి చూశారు.

నిజం చెప్పాలి కదా. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఊరట. హమ్మయ్య, చెప్పేశాను, అనుకున్నాను. ఆమెకు నేనొక మాట చెప్పాల్సి ఉండి పదకొండేళ్లు చెప్పలేదు. సరిగ్గా నెల కిందట వెళ్లి చెప్పాను. ఆ నెల కూడా దాటబెట్టి ఉంటే ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు మొహం ఉండేది కాదు.

ఆమె మాకు చుట్టం కాదు, నాకు చదువు చెప్పిన పంతులమ్మా కాదు. చదువే రాదు. సంతకం పెట్టాల్సిన చోట వేలిముద్ర వేసేది. కెంచనగుడ్డ వైపు నుంచి మా పొలాలకు నాట్లకు వచ్చే ఆడవాళ్ల గుంపుకు పెద్ద. అందుకని అందరికీ పెద్దామె. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. భాగహారం అంటే ఏమిటో నాకు తెలిసింది మాత్రం ఆమె దగ్గరే, బడిలో కాదు.

తుంగభద్ర నీళ్లు కాలవలకు వదిలిన కొత్తల్లో మా నాన్న కోస్తా నుంచి వచ్చి సిరుగుప్ప దగ్గర పొలం చేశారు. మాలాంటి ఇళ్లు ఇరవైదాకా ఉంటే ఆ చోటిని అందరూ క్యాంపు అనేవాళ్లు. మాదీ తెలుగే, పెద్దామె వాళ్లదీ తెలుగే. అయినా మొదటి ఏడాది ఒకరి మాట ఒకరికి వింతే. "ఏంది పాపా, అట్ల పాట పాడినట్ల మాట్లాడ్తావు?" అని నన్ను ఆట పట్టించేది. ఆమె "యాడికి పోతాండావు?" అంటే నేను ఇంట్లో అలాగే అనుకరించి అమ్మ చేత తిట్లు తినేదాన్ని.

ఆమె ఎడమచేతి బొటనవేలు ఊరికే ఉండేది కాదు. మాట్లాడుతున్నా, వక్క నములుతున్నా, ఆ బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద నడుస్తూనే ఉండేది. నాలుగు వేళ్లు, వేలికి మూడు కణుపులు, మొత్తం పన్నెండు. ఒక్కో కణుపు గుంపులో ఒక మనిషి. చూపుడువేలి చివరి కణుపు తాను, చిటికెనవేలి మొదటి కణుపు కొసన నిలబడే మనిషి. ఎవరైనా రాకపోతే ఆ కణుపు దగ్గర వేలు ఆగి, ఒకసారి నొక్కి, ముందుకు పోయేది.

పన్నెండు మందికి ఒకరు ఎక్కువైనా తక్కువైనా ఆమెకు నచ్చేది కాదు. మా నాన్న ఒకసారి ఇంకొకామెను చేర్చుకోమంటే ఒప్పుకోలేదు. "పదముగ్గుర్ని ఏం చేసుకుందునప్పా? పన్నెండంటే ఇద్దరిద్దర్ని నిలబెడ్తా, ముగ్గురు ముగ్గుర్ని నిలబెడ్తా, నలుగుర్ని, ఆర్గుర్ని ఎట్లన్నా నిలబెడ్తా. ఒక్కరు గూడా ఒంటిగా నిలబడరు. పదముగ్గురైతే యాడ ఇరిసినా ఒకరు మిగుల్తారు" అంది. తర్వాత నేను టీచరు ట్రైనింగులో ఇదే సంగతి నోటు పుస్తకంలో రెండు పేజీలు రాసుకున్నాను. అంత బాగా మాత్రం లేదు.

"మిగిలేది ముందే చూడల్ల" అనేది ఎప్పుడూ. మామూలు మాటే. కానీ ఆ గుంపు కట్టుబాటు తెలిస్తే అందులో బరువు తెలుస్తుంది. నారు కట్టలు విడతకు తలా ఒకటి చొప్పున పంచుకునేవాళ్లు. తాడు పక్కన వరసగా నిలబడి అందరూ ఒక కట్ట నాటితే తాడు వెనక్కి జరుగుతుంది. మళ్లీ తలా ఒకటి. ఆఖరి విడతలో అందరికీ సరిపడా కట్టలు లేకపోతే ఆ మిగిలినవన్నీ కొసన నిలబడే మనిషి ఒక్కతే నాటాలి. కొసన ఉండేది గుంపులో అందరికన్నా కొత్తగా చేరిన మనిషి. మిగతావాళ్లు కాలవలో కాళ్లు కడుక్కుంటూ ఉంటారు. అది తరాల నుంచి ఉన్న పద్ధతి, ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. అందుకే పెద్దామె పొద్దున్నే, నారు పీకేటప్పుడే చూసుకునేది. కట్టల్ని మూడు కుప్పలు పోయించి, ఒక్కో కుప్పను మళ్లీ నాలుగు చేయించేది. ఎక్కడైనా మిగిలితే మిగిలిన వాటిని ముందే తగ్గించడమో, ఇంకొన్ని పీకించడమో చేసేది.

ఇక నా ఘనత వినండి. అప్పుడు నేను ఏడో తరగతి. లెక్కల అయ్యవారు మాకొక సూత్రం చెప్పారు. ఒక సంఖ్యలో అంకెలన్నీ కూడితే వచ్చింది మూడుతో పోతే ఆ సంఖ్యంతా మూడుతో పోతుంది, తొమ్మిదికీ అంతే. ఎందుకు పోతుందో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. అడిగే అలవాటు మాకు ఉంటే కదా. నేను మాత్రం అక్కడితో ఆగలేదు. పన్నెండుకు కూడా ఇదే పని చేస్తుందేమోనని చూశాను. నలభై ఎనిమిది: నాలుగూ ఎనిమిదీ పన్నెండు. పన్నెండుతో పోయింది. ఎనభై నాలుగు: పోయింది. నూట యాభై ఆరు: ఒకటీ ఐదూ ఆరూ కలిపి పన్నెండు, అదీ పోయింది. ఇంకేముంది, నేను కొత్త సూత్రం కనిపెట్టేశాను. అయ్యవారికి చెబితే తనదేనంటారేమోనని దాచుకున్నాను కూడా. ఇప్పుడు మా తరగతిలో ఏ పిల్లయినా మూడు ఉదాహరణలు చూసి అంతే అని తేల్చేస్తే నాకు నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది.

అది జపాను పద్ధతి వరి కొత్తగా వచ్చిన ఏడు. తాళ్లు కట్టి వరసల్లో నాటాలని ఆఫీసర్లు ఊరూరా చెబుతున్నారు. మా నాన్న రోడ్డు పక్కన మడి ఒకటి ఎంచుకుని, అది నాటిన మర్నాడే వచ్చి చూడమని వ్యవసాయ ఆఫీసరును పిలవడానికి సిరుగుప్ప వెళ్లారు. ఆ రోజు బడికి సెలవు. పొద్దున నేను నారుమడి గట్టు మీద ఉన్నాను. బండి మీద నూరు కట్టలు ఎక్కించారు. గంపకు పది చొప్పున మూడు గంపలు నిండాయి. గట్టు మీద విడిగా ఎనిమిది కట్టలు. పెద్దామె ఎప్పటిలాగే మూడు కుప్పలు పోయించబోతోంది.

"అక్కర్లేదు పెద్దమ్మా! నూటముప్పై ఎనిమిది. ఒకటీ మూడూ ఎనిమిదీ పన్నెండు. పన్నెండు మందికి సరిగ్గా పోతాయి. మిగలవు" అన్నాను.

ఆమె బొటనవేలు కణుపుల మీద ఒకసారి ఆగింది. "నిజమేనా పాపా?"

"మా బడిలో చెప్పారు." ఇది అబద్ధం. చెప్పింది మూడుకూ తొమ్మిదికీ. పన్నెండు నా సొంతం.

"బడి లెక్కయితే ఇంకేంది" అని బండి తోలమంది. చదువు మీద ఆమెకు అంత నమ్మకం. ఆ నమ్మకమే నన్ను తర్వాత పదకొండేళ్లు పొడిచింది.

పదకొండు విడతలు బ్రహ్మాండంగా సాగాయి. పన్నెండో విడతకు చూస్తే ఆరే కట్టలున్నాయి. మనుషులు పన్నెండు మంది. అప్పటికే పొద్దు వాలింది. గట్టు మీద బండి సిద్ధంగా ఉంది. చీకటి పడకముందే ఊరు చేరాలని బండివాడు కేకలేస్తున్నాడు. తాళ్లు తీసేశారు. అందరూ కాలవ వైపు నడిచారు. కొసన నిలబడే అమ్మాయి ఒక్కతే మడిలో మిగిలింది. ఆమెకు ఇరవై ఏళ్లుండవు. రెండు నెలల బిడ్డను అత్త దగ్గర వదిలి ఆ రోజే మొదటిసారి పనికి వచ్చింది. రవిక పాలతో తడిసిపోయింది. ఏమీ అనకుండా వంగి ఒక కట్ట విప్పింది. కళ్ల నీళ్లు ముక్కు మీదుగా మడిలో పడుతున్నాయి.

పెద్దామె వెనక్కి తిరిగి చూసి మళ్లీ మడిలో దిగింది. "నువ్వు బండెక్కు. బిడ్డ ఏడుస్తాంటాది."

"కట్టలుండాయి గదా పెద్దామా."

"నేనుండా గదా. పో, బిరీన పో."

గుంపు పెద్ద మిగులు నాటడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. కాలవ దగ్గర అందరూ ఇటు తిరిగి చూశారు. బండి వెళ్లిపోయింది. మడిలో ఆమె, గట్టు మీద నేను. దిగి సాయం చేస్తే అయిపోయేది. అమ్మ తిడుతుందని కాదు, క్యాంపు పిల్లనై ఉండి బురదలో దిగడమేమిటన్న టెక్కు. గట్టు మీది నుంచే కట్టలు అందించాను.

నన్ను ఒక్క మాట అనలేదు. నాటుతూనే అడిగింది: "ఆ లెక్క రొంత మళ్లా చెప్పు పాపా." నేను ఏడుపు గొంతుతో సూత్రం చెప్పాను. మూడుకు ఎప్పుడూ పని చేస్తుందనీ, పన్నెండుకు ఎందుకు తప్పిందో తెలియదనీ అన్నాను.

"మూడుకు ఎందుకు సరిపోతాదో తెలుసునా?"

"అయ్యవారు చెప్పలేదు."

ఆమె నడుము ఎత్తి కాసేపు నిలబడింది. బొటనవేలు కదులుతోంది. "పది కట్టల గంప ముగ్గురికి పంచు. తలా ఎన్ని?"

"మూడు."

"మిగిలేది?"

"ఒకటి."

"మూడు గంపలుండె. గంపకొకటి మిగుల్తాది. ఎన్నాయె? మూడు. బండిలో నూరుండె. ముగ్గురికి పంచు."

"తలా ముప్పై మూడు... ఒకటి మిగుల్తుంది."

"విడిగా ఎనిమిదుండె. బండిది ఒకటి, గంపలవి మూడు, విడివి ఎనిమిది. ఆ మిగిలిన ఒంటి కట్టల్నే నువ్వు కూడుతాండేది. అవి పన్నెండాయె. పన్నెండు ముగ్గురికి పోతాది. అందుకే అంతా పోతాది."

నేను గట్టు మీద లేచి నిలబడ్డాను. ఒట్టు, లేచి నిలబడ్డాను. అంకెలు కూడటమంటే మిగిలినవాటిని ఒకచోట పోగు చేయడమా! తొమ్మిదికీ అంతే కదా, పదిలో తొమ్మిది పోతే ఒకటి, నూటిలో తొంభై తొమ్మిది పోతే ఒకటి. ఏడాదిగా నోటికి అప్పజెబుతున్న మాట అప్పుడు అర్థమైంది. అంతవరకు లెక్కలంటే నాకు ఉన్న భయం ఆ సాయంత్రం పోయి మళ్లీ రాలేదు.

"ఇంక పన్నెండు మందికి చూడు" అంది ఆమె. "పది కట్టల గంప పన్నెండు మందికి ఎట్ల పంచుతావు? తలా ఒకటి గూడా రాదు. పదికి పదీ మిగుల్తాయి. నువ్వు ఒకటే మిగుల్తాదని కూడితే యాడ కుదుర్తాది?"

ఆఖరి కట్ట నాటి, కాలవలో కాళ్లు కడుక్కుని, నాలుగు మైళ్లు కాలవ గట్టు వెంట ఒక్కతే నడిచి వెళ్లింది. నేను ఇంటికి గెంతుకుంటూ వెళ్లాను.

మర్నాడు పొద్దున ఆఫీసరు వచ్చాడు. మడి అంతా గీత గీసినట్టుంది. ఒక్క మూల మాత్రం, తాడు లేకుండా మసక వెలుతురులో నాటింది, వంకర టింకరగా ఉంది. ఆయన నవ్వుతూ, ఈ మడి అంతా జపానే, ఆ మూల మాత్రం మన సిరుగుప్ప, అన్నాడు. మంచిగానే అన్నాడు. మా నాన్నకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆయన వెళ్లగానే పక్క మడిలో ఉన్న గుంపు దగ్గరికి వెళ్లారు. నేను వెనకే ఉన్నాను.

"కట్టలు లెక్క చూసింది ఎవరు?"

గుంపులో చాలామందికి తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు. పెద్దామె నా వైపు చూడను కూడా చూడలేదు. "నేనే అప్పా. సరిపోతాయనుకుంటి. లెక్క తప్పింది."

"ఇన్నేళ్లుగా చేస్తూ ఇప్పుడు తప్పిందా? సరే, పై పంటకు నేను వేరే గుంపును చూసుకుంటాను" అన్నారు నాన్న.

నోరు తెరిస్తే ఒక్క మాట. నేను నా కాలి బొటనవేలితో గట్టు మీద మట్టి గీరుతూ నిలబడ్డాను.

పై పంటకు వేరే గుంపు వచ్చింది. ఆ చుట్టుపక్కల అందరికన్నా ఎక్కువ రోజుల పని మాదే. అది పోతే ఆ పన్నెండు మంది ఎక్కడెక్కడ తిరిగారో నాకు తర్వాత తెలిసింది. కొత్త గుంపు వంగి నాటుతుంటే నాకు అన్నం దిగేది కాదు. లెక్క తప్పిన అయిదు నెలలకు, ఆ నాట్లు ముగిసేసరికి, నాన్న భోంచేస్తుండగా ఉన్నట్టుండి చెప్పేశాను. ఆయన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. కొడతారనుకున్నాను. "అయిదు నెలలు కడుపులో ఎలా పెట్టుకున్నావే?" అన్నారు అంతే. మర్నాడు సైకిలు వేసుకుని కెంచనగుడ్డ వైపు వెళ్లారు. మళ్లీ నాట్లకు పెద్దామె గుంపు మా గట్టు మీద దిగింది. "పిలిచినారంట గదప్పా" అని మాత్రం అంది, నిన్న వెళ్లి ఇవాళ వచ్చినట్టు. నాన్న ఆమెకు ఏం చెప్పారో నేను అడగలేదు.

అప్పటినుంచి ఆ గుంపు పద్ధతి మారింది. మిగిలితే కొసన ఉన్నవాళ్లు కాదు, పెద్ద నాటాలి. ఇలా మార్చానని ఆమె ఎవరికీ చెప్పలేదు. మిగిలినప్పుడల్లా తానే దిగేది, అంతే. ఒకటి రెండేళ్లకు అదే పద్ధతయి కూర్చుంది.

నేను చదివాను, బళ్లారిలో ట్రైనింగు అయ్యాను, సిరుగుప్పలో టీచరునయ్యాను. నా తరగతిలో బండి, గంప, కట్ట లేకుండా భాగహారం మొదలవదు. తనిఖీకి వచ్చిన ఒకాయన ఇది ఏ పుస్తకంలోదమ్మా అని అడిగారు. కెంచనగుడ్డ దారిలో దొరుకుతుందన్నాను. ఆయన నోట్ చేసుకున్నారు, పాపం. పెద్దామె సంతకు వచ్చినప్పుడు బడి కిటికీ దగ్గర ఆగి, "ఏం పాపా, పిల్లోల్లకు మిగిలేది చూపిస్తాండావా?" అనేది. నేను నవ్వేదాన్ని. చెప్పాల్సిన మాట గొంతుదాకా వచ్చి వెనక్కి పోయేది. నాన్నకు చెప్పగలిగాను, ఆమెకు చెప్పలేకపోయాను. నా ఎదురుగా నా తప్పును తన మీద వేసుకున్న మనిషికి, నేను చూస్తూ ఊరుకున్నానని చెప్పడం ఎలా?

నెల కిందట ఆమెకు బాగా లేదని తెలిసి వెళ్లాను. మంచం మీద చిన్నదైపోయి ఉంది. బొటనవేలు మాత్రం కదులుతూనే ఉంది. కూర్చోగానే చెప్పేశాను. బడిలో చెప్పారన్నది అబద్ధమని, ఆ పొద్దు నాన్న అడిగినప్పుడు నోరు మెదపలేదని, పని పోయిందని తెలిసీ అయిదు నెలలు ఊరుకున్నానని. చెబుతూ చెబుతూ ముప్పై మంది పిల్లల్ని అదలించే టీచరమ్మను కాస్తా వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆమె పళ్లు లేని నోటితో నవ్వింది. "నాకు తెల్దా పాపా? ఆ పొద్దు నడుచ్చా పోతా లెక్కేసుకుంటి. కట్టలు ఆరు మిగిలె, నాటేస్తిని. రేపు పొద్దున ఇంకొకటి మిగుల్తాదనుకుంటి."

"ఏమిటి?"

"తప్పు. అది గూడా ఎవురో ఒకరు నాటల్ల గదా. నువ్వు సిన్నదానివి. కొసన నిలబడిండావు."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు పెద్దదానివైతివి. నీది నువ్వే వచ్చి ఎత్తుకుంటివి. సాకు పాపా, సాకు, చాలు. ఇంక నా దగ్గర ఏమీ మిగల్లేదు. హాయిగుండాది."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారిపొడవునా నవ్వుకుంటూనే వచ్చాను. పదకొండేళ్లుగా భుజం మీద ఉన్నది దిగితే మనిషికి అంత తేలికగా ఉంటుందని నాకు తెలియదు.

ఆమె పోయిన ఐదో రోజు బడి అయ్యాక మా క్యాంపుకు బయలుదేరాను. నాట్ల కాలం ఎవరికోసమూ ఆగదు. రోడ్డు పక్క మడిలో ఆమె గుంపు పని ముగించి కాలవలో కాళ్లు కడుక్కుంటోంది. లెక్కపెట్టాను. పది మందే ఉన్నారు. పదకొండో మనిషి మడిలో ఉంది. ఆ రోజు పాలతో తడిసిన రవికతో ఏడ్చిన అమ్మాయే. ఇప్పుడు గుంపుకు ఆమే పెద్ద. ఎవరూ చెప్పకుండానే, మిగిలిన కట్టలు పక్కన వేసుకుని మూలలో వంగి నాటుతోంది.

చెప్పులు విప్పి, సంచీ గట్టు మీద పెట్టి, చీర పైకి దోపుకుని మడిలో దిగాను. బురద చల్లగా పిక్కలదాకా వచ్చింది. ఆమె తలెత్తి, "ఏందమ్మా ఇది!" అంది.

"ఎన్ని మిగిలాయి?"

"ఐదు."

ఒక కట్ట అందుకుని విప్పాను. నాకు సరిగ్గా నాటడం రాదు, నా మొక్కలు వంకరగానే నిలబడ్డాయి. తలా రెండు కట్టలు నాటి నడుములెత్తేసరికి ఇద్దరి మధ్య ఒక్క కట్ట నీళ్ల మీద తేలుతూ ఉంది. ఇద్దరం ఒకేసారి చెయ్యి చాపాం.